ఐలీన్ గారితో పలకల ఊరికి

వాషింగ్టన్ పక్కన హెర్న్‌డన్‌లో మా అపార్ట్‌మెంట్ కింది వాటాలో ఐలీన్ గారని ఒక పెద్దావిడ ఉంటారు. ఎనభై ఏళ్లు. నాన్న వైపు ఇటలీ, అమ్మ వైపు ఐర్లండ్. మొదట్లో మా పరిచయం గుడ్ మార్నింగ్ వరకే. ఒకరోజు లాండ్రీ రూమ్‌లో బట్టలు ఆరేదాకా కూర్చున్నప్పుడు మీ ఊరేదని అడిగారు. మార్కాపురం అంటే ఆవిడకేం తెలుస్తుందని, "పలకల ఊరండీ. మా వైపు పిల్లలు రాసుకునే రాతి పలకలు మా ఊరి నుంచే వెళ్లేవి" అన్నాను.

ఆవిడ మడత పెడుతున్న దుప్పటి ఒళ్లో పెట్టుకుని నా వైపు చూశారు. "మీ నాన్న ఏం చేసేవాడు?"

"పలకల ఫ్యాక్టరీలో కోత పని."

"ఉన్నాడా?"

"లేరండీ. నేను టెన్త్‌లో ఉండగా పోయారు. దగ్గు."

"మా నాన్న కూడా" అన్నారు ఆవిడ. "మాదీ పలకల ఊరే. ఉత్తరాన, వెర్మాంట్ రాష్ట్రం సరిహద్దులో ఉంది. మా పలకలు ఇళ్లకప్పులకు వెళ్లేవి. అంతే తేడా."

ఆ తర్వాత మా ఇంట్లో పులుసు చేస్తే ఆవిడకో గిన్నె, ఆవిడ కేకు చేస్తే మాకో ముక్క. రెండేళ్లు అలా గడిచాయి. 2013 మార్చి మొదట్లో ఒక సాయంత్రం ఆవిడ చేతికర్ర పట్టుకుని మెట్లెక్కి మా ఇంటికొచ్చారు. లిఫ్ట్ లేని బిల్డింగ్ మాది. ఆవిడ అంతకుముందెప్పుడూ పైకి రాలేదు.

తమ్ముడు ఫ్రాంక్ ఇంకా ఆ ఊళ్లోనే ఉన్నాడట. డెబ్బై నాలుగేళ్లు. భార్య పోయింది, పిల్లల్లేరు. నలభై ఏళ్లు పలకలు చెక్కినవాడు. ఇప్పుడు ముక్కులో ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని ఒక్కడే ఉంటున్నాడు. ఇంకో చలికాలం ఒంటరిగా గడపలేడని డాక్టర్ చెప్పేశాడట. "వాణ్ని తెచ్చుకోవాలి. ఫోన్‌లో చెబితే నవ్వుతాడు. ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఒక్కదాన్నే రైళ్లు మారలేను. నువ్వు వస్తావా, సుజాతా?"

నేను బ్లడ్ టెస్టుల ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. సెలవు పెట్టి చాలా రోజులైంది. మా ఆయన శ్రీధర్ "వెళ్లిరా, ఇల్లు నేను చూసుకుంటా" అన్నాడు. శనివారం బయల్దేరి మంగళవారం రాత్రికి తిరిగి వచ్చేటట్టు టికెట్లు బుక్ చేశాను. ఆ మంగళవారం రైలు మేం ఎక్కలేదు.

*

మార్చి పదహారు, శనివారం. తెల్లవారకముందే శ్రీధర్ మమ్మల్ని వాషింగ్టన్ యూనియన్ స్టేషన్‌లో దింపాడు. ఏడు గంటల ప్రాంతంలో న్యూయార్క్ రైలు కదిలింది. ఐలీన్ గారు కిటికీ పక్కన కూర్చుని, చేతికర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని, బాల్టిమోర్ వచ్చేదాకా నిద్రపోయారు. నేను డబ్బాలో పులిహోర, పెరుగన్నం తెచ్చాను. ఆవిడకు శాండ్‌విచ్‌లు. రైల్లో కాఫీ దొరుకుతుంది కానీ ధర ఎక్కువ, రుచి తక్కువ. వెళ్లేవాళ్లు ఫ్లాస్క్ తెచ్చుకోవడం మేలు.

పదిన్నర దాటాక న్యూయార్క్‌లో దిగాం. వెర్మాంట్ వైపు వెళ్లే రైలు రోజుకొక్కటే, మధ్యాహ్నం మూడు దాటాక. ఆ నాలుగు గంటలు పెన్ స్టేషన్‌లో భూమికింద గడపాలి. కూర్చోవడానికి చోటు తక్కువ. టికెట్ చూపిస్తే లోపలి వెయిటింగ్ హాల్లోకి రానిస్తారు. అక్కడ ఐలీన్ గారు నా పులిహోర రెండు చెంచాలు తిని, "పుల్లగా ఉంది, బాగుంది" అన్నారు. చుట్టూ ఆకుపచ్చ టోపీలు, ఆకుపచ్చ చొక్కాలు వేసుకున్న కుర్రకారు అరుచుకుంటూ తిరుగుతున్నారు. మర్నాడు పదిహేడు, ఐరిష్ వాళ్ల సెయింట్ పాట్రిక్ పండగ. న్యూయార్క్‌లో ఊరేగింపు ఒకరోజు ముందే చేశారట. తాగి ఒకడు మా కాళ్ల దగ్గర కూలబడ్డాడు. ఐలీన్ గారు కర్రతో వాడి బూటు నెమ్మదిగా పక్కకు జరిపారు.

"మా తాతలు ఈ దేశమొచ్చినప్పుడు ఇలాగే ఉండేవాళ్లని వీళ్లకు ఎవరో చెప్పినట్టుంది" అన్నారు.

రెండో రైలు హడ్సన్ నది ఒడ్డునే చాలాదూరం వెళుతుంది. ఎడమవైపు సీట్లు పట్టుకోండి. నది మీద మంచు ముక్కలై తేలుతోంది. ఆల్బనీ దగ్గర ఇంజను మారుస్తారు, కాసేపు దీపాలు ఆరిపోతాయి. అక్కడ మా ఎదురు సీట్లోకి ఒక పెద్దాయన వచ్చాడు. మేం ఎక్కడికెళుతున్నామో కనుక్కుని, "అక్కడ చూడ్డానికేముంది? రాళ్ల గుట్టలు, ఖాళీ ఇళ్లు" అన్నాడు.

"మా తమ్ముడున్నాడు" అన్నారు ఐలీన్ గారు.

రాత్రి ఎనిమిది దాటాక దిగాం. స్టేషన్ అంటే ఒక ప్లాట్‌ఫామ్, ఒక గది. మాతోపాటు దిగినవాళ్లు ముగ్గురు. ఫ్రాంక్ పక్కింటావిడ మోరీన్ కారు తెచ్చింది. అరవై ఏళ్ల మనిషి, స్కూల్ బస్సు నడుపుతుంది. దారంతా ఒకటే మాట చెప్పింది: "చిక్కిపోయాడు ఐలీన్, బాగా చిక్కిపోయాడు. చూడగానే ఏమీ అనకు."

ఫ్రాంక్ ఇంట్లో ఉన్న ఒక్క పడకగదిలో ఆయన మంచం, ఆక్సిజన్ మిషను పోగా చోటు లేదు. అందుకని ఊరి చివర మోటెల్లో గది తీసుకున్నాం. రోజుకు అరవై డాలర్లు. గది పాతదే కానీ శుభ్రంగా ఉంది, హీటర్ పనిచేస్తుంది. నడిపేది హంసాబెన్ అనే గుజరాతీ ఆవిడ, ఆమె భర్త. నన్ను చూసి అడక్కుండానే అల్లం టీ పెట్టింది. పదేళ్లయిందట ఆ ఊరొచ్చి.

"మనుషులు ఎలాంటివాళ్లు?" అని హిందీలో అడిగాను.

"మంచివాళ్లే. దారిలో కారు ఆగిపోతే నెడతారు" అంది. కప్పు నా ముందుకు జరిపి, "కానీ ఊళ్లో ఎవరు పోయినా మాకు చెప్పరు. తర్వాత పేపర్లో చూసి తెలుసుకుంటాం" అంది.

*

ఆదివారం పొద్దున మోరీన్ మమ్మల్ని ఫ్రాంక్ ఇంటికి తీసుకెళ్లింది. పగటి వెలుతురులో ఊరు అప్పుడు చూశాను. మార్చి అక్కడ వసంతం కాదు. మంచు నల్లబడి రోడ్డు పక్కన కుప్పలుగా ఉంది. మట్టి రోడ్లన్నీ పైన అంగుళం బురద, కింద గడ్డకట్టిన నేల. ఇళ్ల వెనకాల రెండంతస్తుల ఎత్తున పనికిరాని రాతి ముక్కల గుట్టలు. బూడిదరంగు, ఊదా, ఆకుపచ్చ. మా మార్కాపురం గుట్టలు నల్లగా ఉంటాయి. రంగు తప్పిస్తే అవే గుట్టలు. వాటి పక్కన నీళ్లు నిండిన పాత క్వారీలు. నీళ్ల మీద మంచు పలచగా, మసకగా.

ఫ్రాంక్ తలుపు తానే తీశాడు. పొడుగాటి మనిషి, భుజాలు ముందుకు వంగిపోయాయి. గొట్టం ముక్కు నుంచి చెవుల మీదుగా వెనక్కి, అక్కణ్నుంచి నేలమీదుగా గదిలో మిషను దాకా. ఆయన ఎక్కడికి నడిస్తే అక్కడికి వెంట వస్తోంది. అక్కను పట్టుకుని నిలబడ్డాడు. నాకు ఆయన ఊపిరి వినబడింది. లోపలికి పీల్చేటప్పుడు చివర్లో చిన్న కీచు. ఆ చప్పుడు మా ఇంట్లో ఎనిమిదేళ్లు విన్నాను. మా నాన్నకు టీబీ అని మందులిచ్చారు. రాతిదుమ్మని ఏ డాక్టరూ అనలేదు. ఫ్రాంక్‌కి ఇక్కడ పేరు పెట్టి చెప్పారు, మిషను ఇచ్చారు. అయినా చప్పుడు అదే.

ఐలీన్ గారు ఆగలేదు. కాఫీ కప్పులు బల్లమీద పెట్టకముందే మొదలుపెట్టారు. "నా దగ్గర రెండో గది ఖాళీగా ఉంది. ఆస్పత్రి పది నిమిషాలు. మెట్లు లేవు. నాతో వచ్చెయ్."

"నా ఇల్లు?"

"తాళం వెయ్."

"చూద్దాం" అన్నాడు ఫ్రాంక్. నా వైపు తిరిగి, "మా అక్క చిన్నప్పుడు కూడా ఇంతే. కోటు విప్పకముందే పని మొదలు" అన్నాడు.

ఆ ఊరు ఎలా పుట్టిందో చెప్పమని నేనే అడిగాను. కొంత మాట మార్చడానికి, కొంత నిజంగానే తెలుసుకోవాలని. ఆయన మాటకీ మాటకీ మధ్య ఆగి ఊపిరి తీసుకుంటూ చెప్పాడు. ఆ ఆగినచోట్ల ఐలీన్ గారు అందుకున్నారు.

ముందు వచ్చింది అమ్మవైపు వాళ్లు. ఐర్లండ్‌లో ఆలుగడ్డ పంట కుళ్లిపోయి కరువొచ్చినప్పుడు ఓడెక్కినవాళ్లు. మొదట రైలుపట్టాలు వేశారు, పట్టాలు ఈ లోయకు చేరేసరికి రాయి తవ్వకాలు మొదలయ్యాయి, ఇక్కడే ఆగిపోయారు. వాగు పక్కన కంపెనీ కట్టించిన చెక్క ఇళ్లు. జీతం, సరుకులు, ఇంటి అద్దె అన్నీ కంపెనీ చేతిలోనే. రెండు తరాలు అలా గడిచాక కూలి పెంచమని సమ్మె చేశారు. చలికాలం ముందు.

"అప్పుడు యజమాని న్యూయార్క్ రేవుకి మనిషిని పంపాడు" అన్నాడు ఫ్రాంక్. "ఓడ దిగుతున్న ఇటలీ వాళ్లకు పని ఉందని చెప్పాడు. సమ్మె ఉందని చెప్పలేదు. ఒక రైలు పెట్టె నిండా మనుషుల్ని తెచ్చాడు. అందులో మా నాన్నవాళ్ల నాన్న ఉన్నాడు. పద్దెనిమిదేళ్లు."

రైలు దిగి నడిచి వస్తుంటే వాగు దగ్గర ఐరిష్ ఆడవాళ్లు రాళ్లు రువ్వారట. ఆ ఊళ్లో చేతికి దొరికే రాయి పలకే. అంచు కత్తిలా ఉంటుంది. ఆ కుర్రాడికి ఎడమ కన్ను పోయింది.

"ఎవరు విసిరారో ఎవరికీ తెలీదు" అన్నారు ఐలీన్ గారు. "మా అమ్మవాళ్ల అమ్మ ఆ గుంపులో ఉందని మాత్రం ఊరంతా తెలుసు. ఆవిడ చచ్చేదాకా ఔననీ అనలేదు, కాదనీ అనలేదు."

సమ్మె ఓడిపోయింది. ఐరిష్ వాళ్లలో సగంమంది పని పోగొట్టుకుని వెళ్లిపోయారు. ఇటలీ వాళ్లను వాగుకు అవతల కొండమీద పెట్టారు, నీళ్లు కూడా మోసుకోవాల్సిన చోట. రాతి చెత్త తోసే పని వాళ్లకి, కూలి తక్కువ. రెండు పక్షాలదీ ఒకే మతం, ఒకే పూజ. అయినా ఇటలీ వాళ్లను ఐరిష్ చర్చిలో వెనక నిలబెట్టేవాళ్లట. దాంతో వాళ్లు కొండమీద తమ చర్చి తాము కట్టుకున్నారు, పనయ్యాక, చేతులతో. రెండు చర్చీలు, రెండు శ్మశానాలు, రెండు సారా దుకాణాలు.

"మరి మీ అమ్మ, నాన్న?" అన్నాను.

"పలకలు కోసే షెడ్డుకు అమ్మ తన తండ్రికి అన్నం తెచ్చేది. నాన్న అక్కడే పని" అన్నాడు ఫ్రాంక్. పెళ్లికి అమ్మవైపు నుంచి ఒక్కరూ రాలేదని ఐలీన్ గారు చెప్పారు. మొదటి బిడ్డగా తాను పుట్టాక, ఐరిష్ పేరు పెడితే అమ్మమ్మ చూడ్డానికొస్తుందేమోనని ఐలీన్ అని పెట్టారట. రాలేదు.

మధ్యాహ్నం మోరీన్ నన్ను శ్మశానాలకు తీసుకెళ్లింది. రోడ్డుకి ఇటొకటి, అటొకటి. ఐరిష్ వైపు రాతి శిలువలు. ఇటలీ వైపు సమాధి రాళ్ల మీద పింగాణీ బిళ్లల్లో మనుషుల ఫోటోలు, మీసాలతో, కోట్లతో. ఫోటోలున్నచోట వయసులు చదవడం తేలిక. ముప్పై ఎనిమిది. నలభై ఒకటి. ముప్పై ఆరు. రోడ్డు దాటి ఐరిష్ వైపు వెళ్లినా అవే. మా నాన్న నలభై మూడు. మోకాళ్లదాకా మంచులో నిలబడి కొన్ని పేర్లు చదివాను, తర్వాత చలి తట్టుకోలేక కారెక్కాను.

*

సోమవారం పద్దెనిమిది. ఆ ఊరికి అది ప్రత్యేకమైన రోజు. పదిహేడు ఐరిష్ వాళ్ల పండగ, పంతొమ్మిది ఇటలీ వాళ్ల సెయింట్ జోసెఫ్ పండగ. జనం తగ్గిపోయి ఐరిష్ చర్చి మూసేశాక అందరూ కొండమీది చర్చికే రావాల్సి వచ్చింది. ఎవరి పండగ చెయ్యాలన్న దగ్గర మళ్లీ గొడవ. అప్పటి ఫాదర్ విసిగిపోయి మధ్యరోజు పెట్టాడట. పద్దెనిమిదిన సాయంత్రం ఐదింటికి చర్చి కింద హాల్లో అందరికీ ఒకటే భోజనం. ఆ చర్చి కూడా వేసవిలో మూసేస్తున్నారని ఉత్తరాలొచ్చాయి. అంటే ఇదే ఆఖరి భోజనం.

పొద్దున మేం వెళ్లేసరికి ఫ్రాంక్ కుర్చీలో కోటు వేసుకుని కూర్చున్నాడు. ముఖం ఎర్రగా ఉంది. చెయ్యి పట్టుకుంటే వేడి. గోళ్లు నీలంగా ఉన్నాయి.

"జ్వరం. ఆస్పత్రికి వెళదాం" అన్నాను.

"రేపు వెళదాం. ఇవాళ భోజనం ఉంది."

ఐలీన్ గారు లేచి నిలబడ్డారు. "బయట సున్నాకి కింద ఉంది. ఆ గాలి ఒక్కసారి పీల్చావంటే అంతే. అన్నం నేను తెచ్చిపెడతాను, ఇక్కడే తిను."

"అన్నం కోసం కాదు ఐలీన్."

"మరెందుకు? అక్కడెవరున్నారు? ఆ పాత పగలతో సగంమంది నీతో మాట్లాడరు."

"మాట్లాడకపోయినా వస్తారు కదా" అన్నాడు. ఆ రెండు మాటలకే ఆయాసం వచ్చింది. అది తగ్గాక అక్కను వదిలేసి నన్ను చూశాడు. "నువ్వు చెప్పు. మీ నాన్నకూ ఇదేనట కదా. నువ్వు చెప్పు."

అక్కడ నేను నోరు మూసుకుని ఉండొచ్చు. అది అక్కాతమ్ముళ్ల సంగతి. కానీ నాకు మా వీధి గుర్తొచ్చింది. మా నాన్న ఆఖరి సంవత్సరం శ్రీరామనవమికి వీధి చివర పందిరి వేశారు. పాతికేళ్లు ఆ పందిరి గుంజలు పాతింది ఆయనే. మంచంతో సహా మోసుకెళ్లి అక్కడ పెట్టమని అడిగాడు. జనం, దుమ్ము, ఎండ అని అందరూ వద్దన్నారు. ఆయన గోడవైపు తిరిగి పడుకుని మైకులో కల్యాణం విన్నాడు. పదిహేను రోజులకు పోయాడు. వెళ్లకపోయినందువల్ల ఒక్కరోజు కూడా ఎక్కువ బతకలేదు.

"తీసుకెళదామండీ" అన్నాను. "ముఖానికి మఫ్లర్ చుట్టి, కారు మెట్ల దాకా పెట్టిద్దాం. గంటలో తిరిగొచ్చి నేరుగా ఆస్పత్రికి వెళదాం."

ఐలీన్ గారు నా వైపు చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు. వెళ్లి తమ్ముడి మఫ్లర్ తెచ్చారు.

హాల్లో యాభై మంది కూడా లేరు. ఎక్కువమంది తలలు నెరిసినవాళ్లే. పొడుగు బల్లల మీద ఒక చివర ఐరిష్ వాళ్ల ఉప్పుమాంసం, ఉడికించిన క్యాబేజీ, ఆలుగడ్డలు. ఇంకో చివర ఇటలీ వాళ్ల పాస్తా, పైన వేయించిన రొట్టెపొడి. జోసెఫ్ వడ్రంగి కాబట్టి ఆ పొడి రంపపు పొట్టుకు గుర్తట. ఫ్రాంక్ చిన్న ఆక్సిజన్ సిలిండర్ పక్కన పెట్టుకుని కూర్చుని, "ఈ ఊళ్లో రాతిపొడి చల్లాలి" అన్నాడు. పక్కనున్న ముసలాయన నవ్వాడు. ఆయనా దగ్గాడు. ఫ్రాంక్ రెండుసార్లు వడ్డించుకున్నాడు. ఒకరొకరే వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసి వెళ్లారు. ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు.

తిన్నాక ఆయన అక్క చెయ్యి పట్టుకుని, "సరే. వస్తాను. మంచు కరిగాక ఇల్లు ఎవరికైనా అప్పజెప్పి వస్తాను" అన్నాడు. ఐలీన్ గారు రుమాలుతో ముక్కు తుడుచుకున్నారు.

గంటలో తిరిగి వస్తామన్నది రెండు గంటలైంది. తలుపు దగ్గర అందరూ చేతులు కలుపుతుంటే ఆయన తొందరపడలేదు. కారెక్కేటప్పుడు దగ్గు మొదలై ఆగలేదు. మోరీన్ ఇంటికి తిప్పకుండా నేరుగా ఆస్పత్రికి నడిపింది. నలభై నిమిషాల దారి, బురద, చీకటి. న్యుమోనియా అన్నారు. మంగళవారం వెంటిలేటర్ పెడతామంటే ఆయన తల అడ్డంగా ఊపాడు. పూర్తి తెలివితోనే ఊపాడని డాక్టర్ రెండుసార్లు అడిగి తేల్చుకుని రాసుకుంది. బుధవారం మధ్యాహ్నం పోయాడు. ఐలీన్ గారు చెయ్యి పట్టుకునే ఉన్నారు. నేను కాళ్లవైపు నిలబడ్డాను.

సాయంత్రం శ్రీధర్‌కి ఫోన్ చేశాను. "లీవ్ ఎక్స్‌టెండ్ చేశావా? టికెట్లు నేను మారుస్తా. ఎన్నిరోజులు?" అన్నాడు.

"అంత్యక్రియలయ్యేదాకా."

"ఆవిడెలా ఉంది?"

"నాతో మాట్లాడట్లేదు" అన్నాను.

*

శుక్రవారం పది గంటలకు కొండమీది చర్చిలో పూజ. ఫ్రాంక్ పోయాడని బుధవారమే హంసాబెన్‌కి చెప్పాను. ఆవిడ నల్ల చీర మీద కోటు వేసుకుని, భర్తను మోటెల్లో ఉంచి, ఒక్కతే వచ్చి వెనక నిలబడింది. మోరీన్ వెనక్కి తిరిగి చూసి, బెంచీ మీద జరిగి చోటిచ్చింది.

పూజ అయ్యాక శ్మశానానికి వెళతామనుకున్నాను. వెళ్లాం కానీ గుంత లేదు. ఫాదర్ అప్పుడు నాకు చెప్పాడు: అక్కడ చలికాలంలో పోయినవాళ్లను వెంటనే పాతిపెట్టరు. నేల మూడు నాలుగడుగుల దాకా గడ్డకట్టి ఉంటుంది. పైన కరిగినా బురదలో బండి దిగబడుతుంది. శ్మశానం గేటు పక్కన రాతితో కట్టిన చిన్న గది, ఇనప తలుపు. శవపేటికలు అందులో ఉంచుతారు. మే నెలలో నేల మెత్తబడ్డాక ఒక్కొక్కర్నీ తీసి సమాధి చేస్తారు. ఆ ఏడు ఫ్రాంక్ కంటే ముందు నలుగురు లోపల ఉన్నారు.

ఏ వైపు సమాధి చెయ్యాలని ఫాదర్ అడిగాడు. ఐరిష్ వైపు ఫ్రాంక్ భార్య ఉంది. ఇటలీ వైపు అమ్మ, నాన్న ఉన్నారు. "భార్య పక్కన" అన్నారు ఐలీన్ గారు. ఆలోచించలేదు. నలుగురు మనుషులు పేటికను లోపల అరమీద పెట్టారు. తలుపు వేసి తాళం వేశారు. పిడికెడు మట్టి వేసే పని కూడా లేకుండా పోయింది. ఐలీన్ గారు ఇనప తలుపు మీద గ్లవుజు లేని చెయ్యి పెట్టి, చలికి వెంటనే తీసేశారు. అంతే, అందరూ కార్లెక్కారు.

మా నాన్నను మేం పోయిన రోజు సాయంత్రమే సాగనంపాం. పొద్దుగూకేలోపు అంతా అయిపోయింది. రెండు నెలలు తలుపు వెనక ఉంచి ఇంటికి వెళ్లడం ఎలా ఉంటుందో నాకు తెలీదు.

*

శనివారం ఉదయం పదింటి రైలు. మోరీన్ దింపింది. ఐలీన్ గారు తెచ్చుకున్నది ఫ్రాంక్ కోటు ఒక్కటే, అది తొడుక్కునే వచ్చారు. ఇల్లు మోరీన్‌కి అప్పజెప్పారు.

ఆల్బనీ దాకా ఆవిడ నోరు విప్పలేదు. ఇంజను మార్చేటప్పుడు దీపాలు ఆరిపోయాయి. ఆ మసకలో, "నువ్వు వాడి పక్షం మాట్లాడకుండా ఉండాల్సింది" అన్నారు.

"అవునేమోనండీ" అన్నాను. తీసుకెళ్లకపోతే బతికేవాడా? ఇంట్లో ఉన్నా ఆ జ్వరం ఆ జ్వరమే. వారమో, నెలో ఎక్కువ వచ్చేదేమో. హెర్న్‌డన్ దాకా రాగలిగేవాడేమో. ఆ లెక్క నాకు తేలలేదు, ఇప్పటికీ తేలదు. ఆవిడకు టీ పోసిచ్చాను. పుచ్చుకున్నారు.

ఆ ఊరికి వెళ్లదలచుకున్నవాళ్లకు నా మాట: మార్చిలో వెళ్లకండి. రైలు రోజుకొకటే కాబట్టి తిరుగు టికెట్ ముందే తీసుకోండి. ఊళ్లో భోజనానికి ఒక్కటే చోటు, మధ్యాహ్నం రెండుకి మూసేస్తారు. వాగు మీద వంతెన దగ్గర నిలబడితే రెండు చర్చీల గోపురాలూ కనబడతాయి, రెండింటి కప్పులూ ఆ ఊరి పలకలే. ఒకరినొకరు చూస్తే పడనివాళ్లు నూరేళ్లు ఒకే రాయి తవ్వి, ఒకే దుమ్ము పీల్చి, ఒకే వయసులో పోయారు. వాళ్లను కలిపేదంటూ చివరికి మిగిలింది బల్లకి చెరో చివర పెట్టిన ఒక్క పూట భోజనం. అదీ వచ్చే ఏడు ఉండదు. మా మార్కాపురంలో ఇప్పుడెవరూ పలక కొనరు, ఫ్యాక్టరీలు చాలావరకు మూతపడ్డాయని విన్నాను. అక్కడి గుట్టలు కూడా అలాగే మిగిలి ఉంటాయి.

న్యూయార్క్‌లో రైలు మారి, చీకటిపడ్డాక ఫిలడెల్ఫియా దాటాం. ఐలీన్ గారు కళ్లు మూసుకుని ఉన్నారు, నిద్రపోతున్నారనుకున్నాను.

"పాస్తా వాడు రెండోసారి వడ్డించుకున్నాడు. చూశావా?" అన్నారు.

"చూశానండీ."

"పెళ్లాం పోయాక వాడు రెండోసారి వడ్డించుకోవడం నేను చూళ్లేదు." బాల్టిమోర్ దగ్గరపడుతుండగా కళ్లు తెరవకుండానే అడిగారు. "మే నెలలో నీకు సెలవు దొరుకుతుందా?"

"పెడతానండీ" అన్నాను.